కాగితం లేని రోజు

పోయిన వారం మనం తేదీలమ్మను డ్రాయరు ముందు నిలబెట్టి వచ్చాం. మనకు వారం గడిచింది గానీ ఆవిడకు ఇంకా అదే బుధవారం, అదే సాయంత్రం నాలుగు గంటలు. చేతిలో ఒక కార్డు, కార్డు వెనక ఒక కవరు, కవరులో ఏమీ లేదు.

కొత్తగా వచ్చి కూర్చున్నవారికి నాలుగు ముక్కల్లో చెప్పేస్తాను, మిగతావారు కాస్త ఓపిక పట్టాలి. తేదీలమ్మకు అమ్మానాన్నలు పెట్టిన పేరు వేరే ఉంది, అది ఆవిడ సంతకంలో తప్ప ఇంకెక్కడా కనబడదు. గోడ క్యాలెండర్లు అచ్చువేసే ప్రెస్సులో దినాల జాబితా చూడటం ఆవిడ పని. ఏ మతంవారి పండుగ ఏ తేదీన పడింది, ఏ ఉపవాసం నెలవంక కనబడితే మొదలవుతుంది, రక్తదాతల దినం ఎప్పుడు, చేతులు కడుక్కునే దినం ఎప్పుడు, వినికిడి లేనివారి వారం ఎప్పటినుంచి ఎప్పటివరకు, అన్నీ ఆవిడ సంతకం పడ్డాకే అచ్చుకు వెళ్తాయి. మొత్తం రెండువందల పద్నాలుగు రోజులు. ఒక్కో రోజుకు ఒక్కో కార్డు, దాని వెనక కవరులో ఆ రోజు ఎక్కడినుంచి వచ్చిందో చెప్పే కాగితం. మతపెద్దల ఉత్తరమో, వైద్యుల సంఘం తీర్మానమో, ప్రభుత్వ ప్రకటనో ఏదో ఒకటి ఉండి తీరాలి. కాగితం లేని రోజు గోడ ఎక్కకూడదు. ఇది ఆవిడకు పని నేర్పిన మాస్టారి నియమం.

ఇప్పుడొచ్చిన చిక్కు ఇది. వీధి అవతల ప్రెస్సు నడిపే గొడుగాయన (ఎండయినా వానయినా గొడుగు వదలడు, అందుకే ఆ పేరు) ఈసారి పది రోజులు ముందే తన క్యాలెండరు బయటపెట్టాడు. తీరా చూస్తే అందులో అవే రెండువందల పద్నాలుగు రోజులు, అవే మాటల్లో. ఒకప్పుడు ఇక్కడే మాస్టారి పక్క కుర్చీలో ఎనిమిదేళ్ళు పని చేసి వెళ్ళిన మనిషే. పాఠశాలల సంఘం ఇద్దరికీ కబురు పెట్టింది. శనివారం పదింటికి ఆధారాలు పట్టుకుని రావాలి, జాబితా ఎవరి సొంతమని తేలితే అన్ని బడుల క్యాలెండర్లూ వాళ్ళవే. ఆ పని చేజారితే ఈ ప్రెస్సులో ఉన్న ముప్ఫైరెండు మందిలో సగం మంది ఇంటిదారి పట్టాలి.

అందుకే తేదీలమ్మ మూడు రోజులుగా కవర్లన్నీ విప్పి చూస్తోంది. రెండువందల పదమూడింటికి కాగితాలు ఉన్నాయి. కొన్ని పసుపు రంగుకు తిరిగాయి, కొన్నిటికి చెద పట్టబోయి ఆగింది, కానీ ఉన్నాయి. నవ్వుల దినమూ పళ్ళ ఆరోగ్య దినమూ ఒకే గడిలో పడినప్పుడు ఎవరి పేరు పైన ఉండాలని రెండు సంఘాలవాళ్ళు తగువుపడి రాసిన పదకొండు ఉత్తరాలు కూడా భద్రంగా ఉన్నాయి. లేనిది ఒక్కదానికే. ఫిబ్రవరి మూడో బుధవారం, జవాబుల రోజు.

ఆ గడిలో పేరు కింద చిన్న అక్షరాల్లో ఒక్క వాక్యం ఉంటుంది: 'ఎవరికైనా ఇవ్వవలసిన జవాబు మిగిలిపోయి ఉంటే ఈ రోజు ఇవ్వండి.' అంతే. ఎవరు మొదలుపెట్టారో ఎవరూ అడగలేదు గానీ జనం దాన్ని బాగానే పట్టుకున్నారు. ఆ రోజు పోస్టాఫీసులో కిటికీ పక్కన ఒక బల్ల వేసి కాగితాలూ పెన్నులూ పెడతారు. బడుల్లో ఒక పీరియడు దానికే వదిలేస్తారు. ప్రార్థన మందిరాల్లో పెద్దలు, తమ మతంలో ఆ రోజు లేకపోయినా, వెళ్ళేముందు ఒక మాట గుర్తుచేస్తారు. ఇన్ని జరుగుతుంటే దానికి కాగితం ఉండదని ఎవరనుకుంటారు?

తేదీలమ్మ అనుకోవలసింది. పదకొండేళ్ళుగా ఆ గడిని పోయినేడాది క్యాలెండరు చూసి దింపేసింది. పోయినేడాది క్యాలెండరు ఆధారం కాదని కొత్తగా చేరినవాళ్ళందరికీ చెవిలో ఇల్లు కట్టుకుని చెప్పే మనిషి, తనే ఆ తప్పు చేసింది. బద్ధకం వల్ల కాదు. మొదట్లో మాస్టారి జాబితా కదా అని నమ్మింది, తర్వాత ఆ ఒక్క రోజును అనుమానించడం ఆవిడ వల్ల కాలేదు.

తొమ్మిదేళ్ళ కిందట అమ్మ పోయిన పూట ఆవిడ చెల్లెలు ఆస్పత్రిలో డ్యూటీలో ఉంది. నర్సు. వార్డు మొత్తానికి ఒక్కతే ఉండటంతో వదిలి రాలేకపోయింది. వచ్చేసరికి అంతా అయిపోయింది. గుమ్మంలోనే తేదీలమ్మ ఒక మాట అంది. "ఊళ్ళో అందరి అమ్మలకీ నువ్వున్నావు, మన అమ్మకి తప్ప." చెల్లెలు చెప్పులు కూడా విప్పకుండా వెనక్కి తిరిగింది. నెల తర్వాత ఒక ఉత్తరం రాసింది. అది తేదీలమ్మ బీరువాలో బట్టల కింద అయిదేళ్ళు అలాగే పడి ఉంది. చదవకపోలేదు, పాతిక సార్లు చదివింది. జవాబు రాయడానికి మాత్రం చెయ్యి రాలేదు.

తర్వాత ఒక ఫిబ్రవరిలో, పోస్టాఫీసు ముందునుంచి నడిచి వస్తూ, కిటికీ పక్కన బల్ల దగ్గర నిలబడి రాసుకుంటున్న ముసలాయన్ను చూసింది. ఆ గడిలో వాక్యాన్ని అప్పటికి ఏడేళ్ళుగా తనే దిద్దుతోంది, అది తనను ఉద్దేశించిందని మొదటిసారి తోచింది. లోపలికి వెళ్ళి, నిలబడే ఎనిమిది వాక్యాలు రాసి, తేదీ వేసి, పెట్టెలో పడేసి వచ్చింది. మూడో రోజున చెల్లెలు సంచీతో గుమ్మంలో ఉంది. "ఆకలేస్తోందక్కా, ఏముంది?" అంది. అంతే, అయిదేళ్ళ మాటలూ అన్నం తింటూనే పూర్తయ్యాయి. ఇది జరిగి నాలుగేళ్ళు. అలాంటి రోజుకు కాగితం చూపించమని ఎవరిని అడుగుతాం?

అడిగే మనిషి ఒక్కరే ఉన్నారు. గురువారం ఉదయం తేదీలమ్మ ఆ కార్డు సంచీలో పెట్టుకుని మాస్టారింటికి వెళ్ళింది.

మాస్టారికి ఎనభైనాలుగు. దర్జీ దుకాణం మీద రెండో అంతస్తులో రెండు గదులు. కింద కుట్టుమిషన్లు ఆగకుండా ఆడుతుంటే పైన ఆయన కిటికీ దగ్గర కూర్చుని ఆ రోజు పేపరును ఎర్ర పెన్నుతో దిద్దుకుంటూ ఉంటారు. దిద్దిన పేపరు ఎవరికీ పంపరు. పని మానేసి పదకొండేళ్ళయినా చెయ్యి మానలేదు, అంతే.

"రా అమ్మాయ్. మూడో పేజీలో ఒకే మనిషి రెండు సార్లు చనిపోయాడు, చూశావా?" అన్నారు.

"చూడలేదు మాస్టారూ. మీతో పనుండి వచ్చాను."

ఆవిడ కార్డు తీసి పేపరు మీద పెట్టింది. ఆయన కళ్ళజోడు పైకి జరిపి చూశారు. కార్డు మూలన ఆయనే ఎప్పుడో పెట్టిన పెన్సిలు చుక్క ఒకటుంది. వేలితో దాన్ని ఒకసారి తడిమారు. తేదీలమ్మే అడిగేసింది.

"కవరు ఖాళీగా ఉంది. కాగితం మీ దగ్గరేమన్నా ఉండిపోయిందా?"

"లేదు."

"పారేశారా?"

"ఉంటేగా పారెయ్యడానికి." ఆయన పెన్ను మూత పెట్టి పక్కన ఉంచారు. "దానికి కాగితం లేదమ్మాయ్. ఆ రోజు నేను పుట్టించాను."

కింద మిషన్లు గరగరమంటూనే ఉన్నాయి. తేదీలమ్మకు ఒక్క క్షణం ఆయనేమన్నారో ఎక్కలేదు.

"మీరా?"

"నేనే. ఇరవయ్యారేళ్ళయింది. వాడు మన దగ్గర మానేసి వీధి అవతల దుకాణం తెరిచిన ఏడు. మన జాబితా ఎత్తుకుపోతాడని అప్పుడు ప్రెస్సు నడిపిన పెద్దబాబుకి భయం. పండుగలు అందరివీ, వాటి తేదీలు ఎవరు వేసినా అవే అంటాడు, ఎవరు కాదంటారు? అందుకని ఒక రోజు లేనిది పెట్టాం. ఎక్కడా లేని రోజు వాడి క్యాలెండర్లో కూడా ఉందంటే ఇంక సాక్ష్యం ఎందుకు? ఫిబ్రవరిలో ఆ బుధవారం ఖాళీగా ఉంది, అందులో వేశాను."

"మరి అప్పుడే ఎందుకు బయటపెట్టలేదు?"

"వాడు మొదటి ఏడే వేశాడు. పట్టుకెళ్ళి పెద్దబాబుకి చూపించాను. ఆయన నవ్వి, అవసరం వచ్చినప్పుడు చూద్దాం, ఉంచండి అన్నారు. అవసరం రాలేదు. తర్వాత ఆయనే పోయారు."

"ఇది ఇంకెవరికైనా తెలుసా?"

మాస్టారు కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నారు. "పెద్దబాబుకీ నాకూ. ఇప్పుడు నీకు."

తేదీలమ్మ లేచి కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడింది. ఆవిడకు కోపం రావడం అరుదు, వచ్చినా గొంతు పెరగదు, ఇంకా తగ్గుతుంది.

"నెలవంక విషయంలో అనుమానముంటే పక్కన చుక్క పెట్టి, ఒక రోజు అటూఇటూ కావచ్చని రాయించేవారు మీరు. ఎందుకింత పట్టింపని నేను విసుక్కుంటే, మన గడి చూసుకుని జనం ఉపవాసం ఉంటారమ్మాయ్, మనం తప్పితే వాళ్ళ కడుపు మాడుతుంది అన్నారు. ఆ మాట పట్టుకునే ఇన్నేళ్ళు పని చేశాను. ఆ మాట అన్న చేత్తోనే ఇది పెట్టారా?"

"పెట్టాను."

"జనం నమ్మారు మాస్టారూ."

"అదే అనుకోలేదు." ఆయన గొంతు కూడా తగ్గింది. "ఏదో ఒకటి రాయాలి గనక అది రాశాను. ఎవరూ పట్టించుకోని రోజులు సగం ఉంటాయి, ఇదీ అందులో కలిసిపోతుందనుకున్నా. మూడేళ్ళకి పోస్టాఫీసులో బల్ల వేశారని ఎవరో చెప్పారు. ఆ పూట నాకు అన్నం సయించలేదు. తీసేద్దామా అంటే అప్పటికే బడిపిల్లలు రాయడం మొదలుపెట్టారు. ఇంక తియ్యడానికి చెయ్యి రాలేదు."

చెయ్యి రాకపోవడమంటే ఏమిటో తేదీలమ్మకు ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు. ఆవిడ మళ్ళీ వచ్చి కూర్చుంది. ఆయన మీద కోపం పోలేదు గానీ ఆయన చేతుల మీద నరాలు చూస్తుంటే ఇంకో మాట అనడానికి నోరు రాలేదు.

"నన్నేం చెయ్యమంటారు?"

"నువ్వు నా సీట్లో ఉన్నావు. నన్నడక్కూడదు." కార్డు తీసి ఆవిడ చేతికిచ్చారు. "దీంతో శనివారం గెలుస్తావు. అది మాత్రం చెప్పగలను."

ఆయన చెప్పింది నిజమే. గెలుపు చేతిలోనే ఉంది. సంఘం ముందు లేచి, 'ఈ రోజు మేం పుట్టించింది, వీళ్ళ క్యాలెండర్లో ఎలా ఉందో అడగండి' అంటే సరిపోతుంది. ఆ మరునాటినుంచి జవాబుల రోజు ఉండదు. వచ్చే ఫిబ్రవరిలో పోస్టాఫీసులో బల్ల ఉండదు. ఎవరి బీరువాలో ఏ ఉత్తరం పడి ఉందో, అది అలాగే పడి ఉంటుంది. చెప్పకపోతే, పదహారు ఇళ్ళలో వంట ఆగుతుంది. మెట్లు దిగుతూ ఆవిడ ఆ పదహారు మందినీ వేళ్ళ మీద తలుచుకుంది. బైండింగు చేసే ఆవిడ దగ్గర ఆగిపోయింది. ఆవిడకు ఇద్దరు చిన్నపిల్లలు, భర్త లేడు.

శుక్రవారం ఉదయం తేదీలమ్మ యజమాని గదిలోకి వెళ్ళి అంతా చెప్పేసింది. యజమానిని అందరూ చిన్నబాబు అంటారు. పెద్దబాబు కొడుకు గనక చిన్నప్పుడు పెట్టిన పిలుపు, అరవై దాటినా ఊడలేదు. ఆయన వింటూ వింటూ కుర్చీలోంచి సగం లేచి, మళ్ళీ కూర్చున్నాడు.

"నాన్నగారు ఇంత పని చేశారా," అన్నాడు, మెచ్చుకోలుగా. "తేదీలమ్మగారూ, మీరు ప్రెస్సును నిలబెట్టారు."

"ఒక్క మాట బాబూ. దీన్ని వాడకుండా గెలిచే దారి ఏదన్నా ఉందేమో చూడండి. మిగతా కాగితాలన్నీ ఉన్నాయిగా."

"కాగితాల నకళ్ళు వాడి దగ్గరా ఉన్నాయమ్మా. సంఘాలకి ఉత్తరం రాస్తే ఎవరికైనా పంపుతాయి. వాడి దగ్గర లేనిది, ఉండటానికి వీల్లేనిది ఇదొక్కటే."

"ఆ రోజు పోతుంది."

"పోతుంది," అన్నాడాయన. కఠినంగా అనలేదు. "నేనూ ఆ రోజు మా తమ్ముడికి ఫోను చేస్తాను. పోతే నాకూ బాధే. కానీ వేసవిలో ఎవరెవర్ని మానిపించాలో రాసుకున్న కాగితం ఈ సొరుగులో ఉంది. అది చూస్తారా?"

ఆవిడ చూడనంది. చూడక్కర్లేదు, ఆ పేర్లు ఆవిడకు తెలుసు.

చిన్నబాబు అప్పటికప్పుడు పంచనామాలా పకడ్బందీగా ఒక వాంగ్మూలం టైపు చేయించాడు. ఫిబ్రవరి మూడో బుధవారం నాటి దినం ఈ ప్రెస్సు కల్పితమనీ, దాన్ని ఇతరులకు ఎన్నడూ ఇవ్వలేదనీ, మరొక క్యాలెండరులో అది కనిపించడం దొంగతనానికే నిదర్శనమనీ అందులో ఉంది. దినాల జాబితాకు బాధ్యురాలు గనక సంతకం తేదీలమ్మే పెట్టాలి. ఆవిడ కాగితం మూడుసార్లు చదివింది. అలవాటుకొద్దీ ఒక కామా దిద్దింది. తర్వాత బైండింగు గదిలోంచి వినిపిస్తున్న మాటలు కాసేపు విని, సంతకం పెట్టింది.

మూడు గంటలకు రెండు కవర్లు వెళ్ళాయి. ఒకటి సంఘానికి, రెండోది సంఘం నియమం ప్రకారం గొడుగాయనకు.

ఆవిడకు ఇంక ఒక్క పని మిగిలింది. ఈ సంగతి రేపు ఊరంతా గుప్పుమంటుంది. చెల్లెలు దాన్ని ఊళ్ళోవాళ్ళ నోట వినకూడదు. అయిదింటికి డ్యూటీ దిగి ఇంటికొచ్చి ఉంటుందని లెక్క వేసుకుని, ప్రెస్సులో అందరూ వెళ్ళాక ఫోను తీసింది.

"అక్కా, ఇప్పుడే కాళ్ళు కడుక్కున్నాను. చెప్పు," అంది చెల్లెలు.

"కూర్చుని విను. నీకొక సంగతి చెప్పాలి. జవాబుల రోజు గురించి."

"ఏమయింది?"

తేదీలమ్మ రెండు మూడు రకాలుగా మొదలుపెట్టి, ఏదీ కుదరక, తిన్నగా అనేసింది. "అది నిజం రోజు కాదు. మాస్టారు కల్పించింది. ఏ కాగితమూ లేదు. నేను నీకు రాసిందేమో ఆ రోజు చూసి. అది లేకపోతే రాసేదాన్నో లేదో నాకే తెలీదు. నువ్వు ఏమనుకుంటావోనని."

అవతల గిన్నె ఏదో కింద పెట్టిన చప్పుడైంది.

"అక్కా, అది ఉత్తుత్తిదని నాకు తెలుసు."

"ఇప్పుడు చెప్పానుగా."

"ఇప్పుడు కాదు. నువ్వు రాయకముందే తెలుసు. కవరు విప్పగానే తేదీ చూశాను. మా అక్క కూడా దీన్ని నమ్మిందా అని నవ్వొచ్చింది. తర్వాత రెండో వాక్యం దగ్గర ఏడుపొచ్చింది. రోజు కల్పించింది మాస్టారు గానీ, ఆ ఎనిమిది వాక్యాలు ఆయన రాసిచ్చారా ఏమిటి? నువ్వే రాశావు. నాకదే చాలింది."

తేదీలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఏడుపు ఆగేదాకా ఊరుకోవడం చెల్లెలు వృత్తిలో నేర్చుకున్నదే.

కళ్ళు తుడుచుకున్నాక తేదీలమ్మకు అడగవలసింది అడగాలని తోచింది.

"నీకెవరు చెప్పారు? మాస్టారూ పెద్దబాబూ తప్ప ఎవరికీ తెలీదన్నారే."

"ఆరేళ్ళ కిందట మాస్టారు తుంటి ఎముక విరిగి మా వార్డులోనే కదా ఉన్నారు. నువ్వు రోజూ మధ్యాహ్నం చూడటానికి వచ్చేదానివి. నువ్వొచ్చే వేళకి నేను పక్క వార్డుకి వెళ్ళిపోయేదాన్ని. అప్పుడే విన్నాను."

ఆ పక్క వార్డు సంగతి తేదీలమ్మకు ఇప్పుడే తెలిసింది. దానికి బాధపడటానికి కూడా వ్యవధి లేకుండా చెల్లెలు చెప్పుకుపోతోంది.

"ఆయన చెప్పింది నాకు కాదు. నేను కట్టు మారుస్తున్నాను, అంతే. మంచం పక్కన కూర్చున్నాయనకి చెప్పారు. మీ వీధి అవతల ప్రెస్సు గొడుగాయన లేడూ, ఆయనకి."

"గొడుగాయనకా?"

"ఆ. సాయంత్రం సాయంత్రం వచ్చి కూర్చునేవాడు. ఆ పూట మాస్టారు ఉన్నట్టుండి, ఒరేయ్, నిన్ను పట్టించడానికి ఇలా చేశాను, నన్ను క్షమించు అన్నారు. ఆయన, అయితే ఈ ఏడునుంచి తీసేస్తాను మాస్టారూ అన్నాడు."

"తీసెయ్యలేదే. ఈసారి క్యాలెండర్లో కూడా ఉంది."

"మాస్టారే వద్దన్నారు. ఆయన చెయ్యి పట్టుకుని అడిగారక్కా. నేను ఇచ్చానని చెప్పుకో, నీది కూడా అనుకుని వెయ్యి, ఎవరో ఒకరి గోడ మీదైనా అది మిగలాలి అన్నారు. ఆయన దానికి ఒక కాగితం కూడా రాయించుకున్నాడు. పెన్ను నేనే ఇచ్చాను. సాక్షి సంతకం పెట్టమంటే, పెట్టింది కూడా నేనే."

తేదీలమ్మ ఫోను చెవికి అలాగే పట్టుకుని గోడ గడియారం వైపు చూసింది. ఆరు కావస్తోంది. మాస్టారు నిన్న ఇది మరిచిపోయారో, దాచారో ఆవిడకు తెలీదు. ఇతరులకు ఎన్నడూ ఇవ్వలేదని, దొంగతనమని, కింద తన సంతకంతో వెళ్ళిన కాగితం ఈపాటికి గొడుగాయన చేతిలో ఉంటుంది.